తాగి మానినవాడే తాగేవాడికి కౌన్సెలర్ కావాలా?

మెట్లదారి:
కొంచెం పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్ళే చదవండి.

నేను తిరుపతిలోనే ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. ఊరికి కాస్త అవతల ఉన్న ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లో కౌన్సెలర్‌గా చేరి 14 నెలలవుతోంది. పేరు అడగొద్దు, చెప్పను. ముప్పై పడకలు, వారానికి రెండుసార్లు వచ్చిపోయే సైకియాట్రిస్ట్, ముగ్గురు నర్సులు, కౌన్సెలర్లం ఇద్దరం. జీతం 18 వేలు. ఎక్కువ మందు కేసులే, ఈ మధ్య గంజాయి కుర్రాళ్ళు కూడా పెరిగారు.

చేరిన మొదటి వారంలోనే పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, నా ఎదురు కుర్చీలో కూర్చుని ఒకే మాట అడిగాడు. "ఏమ్మా, నువ్వెప్పుడన్నా తాగినావా?" లేదన్నాను. "మరి నాకేం చెప్తావు తల్లీ" అని కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. నలభై నిమిషాలు ఆయన కిటికీలోంచి వేపచెట్టును చూశాడు, నేను ఆయన వీపును చూశాను. కేస్ షీట్‌లో "పేషెంట్ సహకరించలేదు" అని రాసి వచ్చేశాను. ఇప్పుడు ఆ వాక్యం తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే సహకరించనిది ఎవరో నాకు తెలుసు.

సరే, అసలు విషయం. పోయిన నెల మా ఓనర్ మా దగ్గరే ట్రీట్‌మెంట్ తీసుకున్న ఒకతన్ని "సీనియర్ కౌన్సెలర్" చేశాడు. మానేసి ఎనిమిది నెలలు. చదువు ఇంటర్. మనిషి మంచివాడే, మాట బాగుంటుంది. ఫోన్ చేసేవాళ్ళందరూ "ఆ తాగి మానేసిన సార్‌తో మాట్లాడాలి" అంటున్నారు. ఓనర్ నాతో నవ్వుతూనే అన్నాడు, "నీ సర్టిఫికెట్ గోడకు అందంగా ఉంటుందమ్మా, పని మాత్రం అతని మాటే చేస్తుంది."

నా ప్రశ్న ఇది. ఈ పనికి అనుభవం అంటే ఏ అనుభవం? నేను అసూయతో అడుగుతున్నానని మీకనిపిస్తే అది కూడా కొంత నిజమే. ఇంట్లో అమ్మ అయితే "తాగుబోతుల మధ్య ఉద్యోగం అని చెప్తే సంబంధాలెట్లా వస్తాయి" అని రోజూ ఒక పాట. మానేసి బ్యాంకు కోచింగ్‌కి పోవాలా అని కూడా ఆలోచిస్తున్నా.

పాత_లారీ:
అమ్మా, కోపం తెచ్చుకోవద్దు. ఆ పుత్తూరు పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న.

నాది చిత్తూరు. లారీలు ఉండేవి, బెల్లం లోడ్లు తోలేవాళ్ళం. పందొమ్మిదేళ్ళు తాగినా. మానేసి పదకొండేళ్ళు. మధ్యలో మూడుసార్లు కాణిపాకం పోయి వినాయకుడి ముందర ప్రమాణం చేసినా. మా పక్క అందరికీ తెలుసు, ఆ గుడిలో అబద్ధపు ప్రమాణం చేస్తే దేవుడు ఊరుకోడని. మూడుసార్లూ నిజంగానే చేసినా, అబద్ధం కాదు. మొదటిది తొమ్మిది రోజులు నిలిచింది, రెండోది నెల, మూడోది ఇంటికి వచ్చే దారిలోనే పోయింది. ఆ తర్వాత తాగుడుకు తోడు దేవుడికి ద్రోహం చేసినానన్న భయం ఒకటి, ఆ భయం పోవడానికి మళ్ళీ తాగుడు. చదువుకున్నవాళ్ళు దీనికేదో పేరు పెట్టి ఉంటారు, నాకు తెలీదు.

ఒకసారి అయ్యప్ప మాల వేసినా. మాలలో ఉంటే 41 రోజులు ముట్టను కదా, అట్లనే అలవాటు పోతుంది అనుకున్నా. రెండో రోజు పూజలో ఫిట్స్ వచ్చి పడిపోయినా. స్వామి ఆవహించినాడని ఎవరో కొబ్బరికాయ కొట్టినారు.

నన్ను నిలబెట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్, తాగుడు మానాలనుకునేవాళ్ళే కూడి ఒకరికొకరు చెప్పుకునేది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మొదటిరోజు పోతే అక్కడొకాయన నాకు టీ ఇచ్చినాడు, గ్లాసులో సగమే పోసి. అందరికీ నిండా పోసి నాకు సగం ఎందుకని చూస్తే, ఆయన నా చేతులు చూసి పోసినాడు. నిండా పోస్తే నా వణుకుకి టీ ఒలికి, అందరి ముందర పరువు పోతుందని. ఆ సగం గ్లాసు ఏ ఎమ్మెస్సీలో నేర్పిస్తారమ్మా? ఇది నీ మీద కోపంతో అనేది కాదు. తాగినోడి బాధ తాగినోడికే తెలుసు, అంతే.

నైట్_డ్యూటీ_సిస్టర్:
అన్నా, సగం గ్లాసు కథ చదివి కళ్ళు తడిశాయి. కానీ పూజలో ఫిట్స్ అని మీరు ఒక్క లైన్‌లో దాటేశారే, నేను అక్కడే ఆగిపోయాను.

పెద్దాసుపత్రి వార్డులో ఎన్నో ఏళ్ళుగా ఉన్నాను. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్ళకి చాలావరకు మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండు మూడు రోజులయ్యాక కొందరికి డెలీరియం, అంటే మతి తప్పి లేనివి కనిపించడం. అందరికీ కాదు, కానీ ఎవరికి వస్తుందో మొహం చూసి చెప్పలేం, ప్రాణం పోయేది ఎక్కువగా అందులోనే. ఒకసారి ఒక టైలర్ రాత్రంతా మంచం మీద కూర్చుని గాలిలో సూదికి దారం ఎక్కిస్తూనే ఉన్నాడు, దారం కొస నోట్లో తడిపి మరీ. పక్క బెడ్ మనిషిని "కొలత ఇస్తారా" అని అడిగాడు. మందులు పడ్డాక మూడో రోజు మామూలు మనిషయ్యాడు, ఏమీ గుర్తులేదు.

ఇప్పుడు వినండి. ఒక సెంటర్ నుంచి, పేరు వద్దు, ఒక అబ్బాయిని మా దగ్గరకు తెచ్చారు. అక్కడి కౌన్సెలర్, తాగి మానేసినవాడే, "నేను ఒక్క మాత్ర మింగకుండా మానేశాను, నీకెందుకురా మాత్రలు, అది ఇంకో మత్తు" అని చెప్పాడట. అబ్బాయి డాక్టరు రాసిన మాత్రలు దిండు కింద దాచాడు. రెండో రోజు వరుసగా ఫిట్స్. తీసుకొచ్చేముందు ఎవరో గ్లూకోజ్ కూడా ఎక్కించారు. బి1 విటమిన్, అదే థయమిన్, ముందు ఇవ్వకుండా తాగేవాడికి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ప్రమాదమని నర్సింగ్‌లో మాకు మొదట నేర్పేదే అది.

తన కథ తనకు నిజం. పక్కవాడి ఒంటికి అదే వర్తిస్తుందనుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

పాత_లారీ:
సిస్టర్, అది తప్పే. డాక్టరు రాసిన మాత్రల విషయంలో మనం వేలు పెట్టొద్దనే మా మీటింగుల్లో చెప్తాం. కానీ ఒకడు చేసిన తప్పుకి అందర్నీ అనొద్దు. డిగ్రీ ఉన్నోళ్ళు తప్పులు చెయ్యరా?

నిజం_చేదు:
ఇదంతా టైం వేస్ట్ చర్చ. కౌన్సెలింగ్ అంటే ఏంది, మాటలే కదా. నలభై వేలు కట్టించుకుని నెల రోజులు మాటలు చెప్పి పంపిస్తారు, గేటు దాటగానే వైన్ షాపు. 99 రూపాయలకి క్వార్టర్ అమ్ముతూ ఇంకోపక్క కౌన్సెలింగా? షాపులు మూసేయండి, అప్పుడు కౌన్సెలరూ వద్దు, సెంటరూ వద్దు.

నైట్_డ్యూటీ_సిస్టర్:
మూసి చూశాం కదండీ. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెడితే 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళ పోరాటం మీద నాకెంత గౌరవమో చెప్పలేను. కానీ మన పాత చిత్తూరు జిల్లా అటు కర్ణాటక, ఇటు తమిళనాడు ఆనుకున్నది, సరుకు సరిహద్దు దాటడం ఎంతసేపు. పైగా షాపు మూసిన మర్నాడు వణికే చేతులకు ఏం చేస్తారు, అది చెప్పండి.

నిజం_చేదు:
అదంతా గవర్నమెంట్ చూసుకోవాలి.

పలమనేరు:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. ఈరోజు రాయాలనిపించింది.

నా భర్త తాగేవాడు. మానేసి ఇప్పటికి మూడేళ్ళు, మధ్యలో రెండుసార్లు జారి మళ్ళీ తాగాడు. ఎవరో చెప్తే మందు మాన్పించే మాత్ర ఒకటి తెచ్చి ఆయనకు తెలీకుండా సాంబార్లో కలిపాను. డైసల్ఫిరామ్ అని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆయన తాగి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి, గుండె దడదడలాడి, వాంతి మీద వాంతి, బీపీ పడిపోయింది. నేను చంపేశాననుకున్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పింది. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూసి ఇస్తేనే ఆ మాత్ర మందు, లేకపోతే విషమేనంది. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఒంట్లో దాని పని ఉంటుందట. దయచేసి ఎవరూ నాలాగా చెయ్యకండి, సాంబార్లోనూ కాఫీలోనూ.

ఇక కౌన్సెలర్ సంగతి. మాకు ఇద్దరూ తగిలారు. మొదటి సెంటర్లో తాగి మానేసిన సార్. చాలా బాగా మాట్లాడేవాడు, మా ఆయన ఆయన్ని దేవుడిలా చూసేవాడు. కానీ నాతో ఆ సార్ అన్న మాట ఒకటే, "మీరు సణగకుండా ఉంటే ఆయన తాగడమ్మా." తన భార్య సణిగేదట, అందుకే ఆయన తాగేవాడట. నేను ఇంటికొచ్చి నిజంగానే నెల రోజులు నోరు మూసుకున్నాను. ఆయన తాగుతూనే ఉన్నాడు.

రెండోసారి ఒక చిన్నమ్మాయి, పెళ్ళి కూడా కాలేదేమో, నీలాంటి అమ్మాయే మెట్లదారీ. ఆయన్ని బయటకు పంపి నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, మీ నగలు ఎక్కడున్నాయి?" ఎవరూ అడగని ప్రశ్న అది. తాకట్టులో ఉన్నాయి. తర్వాత "జీతం రోజు ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంటుంది?" తర్వాత "కొట్టినప్పుడు పిల్లలు ఏ గదిలో ఉంటారు?" గంటసేపు ఇవే. పోస్టాఫీసులో నా పేరు మీద ఖాతా తెరిపించింది. ఆయన తాగినా తాగకపోయినా నేనూ పిల్లలూ ఎట్లా బతకాలో ఆ రోజు మొదటిసారి ఆలోచించాను. ఆయన మానడం ఆ తర్వాత జరిగింది. ఆ అమ్మాయి ఎప్పుడూ తాగలేదు, మొగుడి చేత తన్నులు కూడా తినలేదు. మరి ఆ ప్రశ్న ఎట్లా వచ్చింది?

ఇరవైఏళ్ళ_కుర్చీ:
పలమనేరమ్మా, ఆ ప్రశ్న ఆ అమ్మాయికి ఎవరో నేర్పారు. నగల సంగతి అడగాలని నాకూ ఒక పెద్దావిడ నేర్పింది, చదువు రోజుల్లో కాదు, పనిలో పడ్డాక.

నా పరిచయం. ఈ వృత్తిలో 20 ఏళ్ళు దాటాయి. హెచ్‌ఐవీ పరీక్షల కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టి ఇటు వచ్చాను. నేను తాగలేదు. నాలో ఆ లోటు ఉందని ఒప్పుకుంటూనే రాస్తున్నాను.

ముందు మెట్లదారికి. "నువ్వెప్పుడన్నా తాగినావా" అన్న ప్రశ్న నీకు కనీసం ఇంకో రెండువందలసార్లు వస్తుంది. దానికి సమర్థించుకోకు. "లేదండి. మీకు తెలిసింది నాకు తెలీదు. అందుకే అడుగుతున్నా, పొద్దున కళ్ళు తెరిచాక మొదటి గంట ఎలా ఉంటుందో చెప్పండి" అను. నేను ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పని మనిషిని చాలా తక్కువమందిని చూశాను. వాళ్ళ జీవితంలో అందరూ రాత్రి గురించే అడుగుతారు, తిడతారు. పొద్దున గురించి ఎవరూ అడగరు.

ఇంకోటి. మాటలే కదా అన్నారు ఒకాయన. అవును, మాటలే. ఇది చూడండి. "మానాలని పదికి ఎంత ఉంది?" అంటే "మూడు" అంటాడు. మనకొచ్చే మొదటి మాట, "మూడేనా? పది ఎందుకు కాదు?" ఆ మాట అన్నామా, ఇక తాగడానికున్న కారణాలన్నీ వరసపెట్టి చెప్తాడు, చెప్తూ చెప్తూ వాటినే గట్టిగా నమ్ముతాడు. దాన్ని తిప్పి "ఒకటి ఎందుకు కాలేదు, మూడు దాకా ఎలా వచ్చింది?" అని అడిగితే వాడి నోటితోనే "పాప పెద్దదవుతోంది కదా సార్" అని వస్తుంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు దీన్ని, విలియం మిల్లర్ అనే ఆయన 1983లో రాసిన వ్యాసంతో మొదలైంది, అదీ తాగుడు సమస్య ఉన్నవాళ్ళతో చేసిన పనిలోంచే. ఒక్క ప్రశ్న తిప్పి అడగడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఎందుకంటే మన నోరు ముందు ఉపదేశానికే లేస్తుంది.

పాత_లారీ గారికి. మీ మీటింగుల్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. 2020లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే సంస్థ, 27 అధ్యయనాలు కలిపి చూశారు. పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏ, అందులోకి పేషెంట్‌ని పద్ధతిగా నడిపించే చికిత్స, మిగతా పేరున్న చికిత్సలకు సమానంగానో, ఇంకా మెరుగ్గానో పనిచేశాయని తేలింది. చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఈ సంగతి మింగుడుపడదు. కానీ ఒకటి గమనించండి. మీకు సగం గ్లాసు టీ ఇచ్చినాయన కౌన్సెలర్ కాదు. జీతం లేదు, మీ కేస్ షీట్ ఆయన చేతిలో లేదు, మీరు ఇంటికి పోవాలా వద్దా అని ఆయన నిర్ణయించడు. ఆయన తాగి మానినవాడిగానే మీ పక్కన కూర్చున్నాడు. అందుకే అది పనిచేసింది. అదే మనిషికి సీనియర్ కౌన్సెలర్ అని కుర్చీ వేసి టేబుల్‌కి అవతల కూర్చోబెడితే ఆ సగం గ్లాసు ఎక్కడికి పోతుంది?

నా మొదటి ఉద్యోగంలో జరిగింది చెప్తాను, ఊరు కూడా చెప్పను. మానేసి ఏడాది కూడా కానివాడిని ఇలాగే కౌన్సెలర్ చేశారు. పేషెంట్లకు ప్రాణం. ఒక సంక్రాంతికి ఇంటికెళ్ళి జారాడు. కౌన్సెలర్ కాబట్టి ఎవరితో చెప్పుకోవాలి? దాచాడు. తెలిసేసరికి నెల గడిచింది. ఆయన్నే నమ్ముకున్న ఐదారుగురు "సార్ వల్లే కానప్పుడు మనవల్ల అవుతుందా" అని ఒకరి వెనక ఒకరు పోయారు. అతన్ని రాత్రికి రాత్రి గెంటేశారు. పేషెంట్‌గా ఉండి ఉంటే జారడం ట్రీట్‌మెంట్‌లో ఒక భాగం, మళ్ళీ లేవదీసేవాళ్ళం. కౌన్సెలర్‌ని చేసినందువల్ల అది మోసం అయింది. ఎనిమిది నెలలంటే నాకు ముందు ఆ అబ్బాయి మీదే భయం, పేషెంట్ల మీద తర్వాత.

పాత_లారీ:
సార్, టేబుల్ అవతల అన్నారే, ఆ మాట ఒప్పుకుంటా. మా వాళ్ళలో కూడా ఏడాది నిండని వాళ్ళకి ఎవరి భారమూ పెట్టం.

కానీ నాదో ప్రశ్న, కొంచెం ఘాటుగానే. చదువుకున్న మీ పిల్లలు ఈ పనిలో ఎన్నాళ్ళుంటారు? నేను చూసిన సెంటర్లలో ఏడాదికో కొత్త మేడమ్. పేషెంట్ మూడోసారి వచ్చేసరికి మళ్ళీ మొదట్నుంచి కథ చెప్పాలి. ఈ అమ్మాయి కూడా బ్యాంకు కోచింగ్ అంటోంది. మేం ఎక్కడికీ పోం. పోతే చస్తాం కాబట్టి పోం. 2019లో కేంద్రం వేయించిన సర్వే ఒకటి మా మీటింగ్‌లో ఎవరో చదివి వినిపించారు. మందుకి బానిసైనవాళ్ళు 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందట. మిగతా 37 మందికి డిగ్రీ ఉన్నోళ్ళు వచ్చేదాకా ఆగమని చెప్పేదా?

ఇరవైఏళ్ళ_కుర్చీ:
ఘాటు కాదు, నిజం. ఉండరు. 18 వేలకు ఉండమని అడిగే మొహం కూడా నాకు లేదు. నేను నిలబడగలిగింది మా ఇంట్లో ఇంకో జీతం ఉండబట్టే, ఇది ఎవరూ చెప్పరు గానీ.

తాళంచెవి:
రెండు రోజులుగా చదువుతున్నా. రాయాలా వద్దా అనుకుంటూ ఉండా.

నేను ఆ "సీనియర్ కౌన్సెలర్"ని. మెట్లదారి గారి సెంటర్ కాదు, వేరే ఊరు, కొన్నేళ్ళ కిందట. ఆర్నెల్లకి నన్ను సార్ అన్నారు. మా నాయన నన్ను అప్పటిదాకా పేరుతో కూడా పిలిచేవాడు కాదు, "వాడు" అనేవాడు. ఆయన వచ్చి చూసి పేషెంట్లు నన్ను సార్ అనడం విని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అందుకే నేను ఏమీ అడగలేదు.

ఏమీ అంటే, జీతం. రెండేళ్ళు జీతం లేదు. భోజనం, పడక, నెలకు ఖర్చులకని కొంచెం. ఇంటికి పోతానంటే "బయటకు పోతే తాగుతావు, నీ గురించే చెప్తున్నా" అనేవాడు ఓనర్. ఆ మాట నా గుండెలో ఎట్లా దిగిందో, గేటు తాళంచెవి నా దగ్గరే ఉండేది, రోజూ నేనే తీసి నేనే వేసేవాణ్ణి, ఒక్కరోజు కూడా దాటలేదు. రాత్రి డ్యూటీ నాదే, వంట సరుకులు నావే, కొత్త పేషెంట్‌ని ఇంటినుంచి ఎత్తుకొచ్చే బండిలో కూడా నేనే. ఎదురు తిరిగినవాణ్ణి మంచానికి కట్టమంటే కట్టినా. నన్ను కూడా అట్లనే కట్టినారు కదా, అదే వైద్యమనుకున్నా. గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య చట్టంలో పూర్తిగా నిషేధమని, తాగుడు, మత్తు సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయని నాకు చాలా తర్వాత ఒక లాయర్ చెప్పినాడు.

మీరంతా అనుభవమా డిగ్రీనా అంటా ఉండారు. నా అనుభవం వాళ్ళకి చవగ్గా దొరికింది, అందుకే దానికి విలువ. అదే నాకు 25 వేలు ఇవ్వాల్సి వచ్చుంటే ఎమ్మెస్సీ చేసినోళ్ళే మేలు అని వాళ్ళే చెప్పుండేవాళ్ళు. మెట్లదారి గారూ, మీ సార్‌కి అపాయింట్‌మెంట్ లెటర్ ఉందేమో కనుక్కోండి.

నైట్_డ్యూటీ_సిస్టర్:
తాళంచెవి తమ్ముడూ, ఇప్పుడు ఎలా ఉన్నావు?

తాళంచెవి:
బాగుండా అక్కా. శ్రీకాళహస్తి రోడ్డులో టైర్ల షాపు. తాగలేదు. కౌన్సెలింగ్ అనే మాట వింటే మాత్రం ఇప్పటికీ చెమటలు పడతాయి.

నిజం_చేదు:
ఇదే నేను మొదట్నుంచీ చెప్తున్నది, సెంటర్లన్నీ దొంగ వ్యాపారం.

నిర్వాహకుడు:
అన్నీ అనొద్దు. పేర్లు చెప్పి ఆరోపణలు చేయకండి, ఫిర్యాదు ఉంటే అధికారుల దగ్గర చెయ్యండి. చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడే సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు సమస్యలకు 14446. రెండూ ఉచితం. చర్చ కొనసాగించండి.

మెట్లదారి:
రెండు రోజులు రాయలేదు, డ్యూటీలో ఉన్నా. తాళంచెవి అన్నా, మీ పోస్టు బస్సులో చదివి దిగాల్సిన స్టాప్ దాటిపోయాను.

నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మా సీనియర్ చేసే సాయంత్రం గ్రూపు నేను తలుపు పక్కన నిలబడి విన్నాను, తప్పులు పట్టుకుందామనే. ఒక గంజాయి కుర్రాడు, బీటెక్ మధ్యలో ఆపేసినవాడు, నాతో మూడు వారాలుగా "ఏం లేదు మేడమ్, ఓకే మేడమ్" తప్ప ఇంకో మాట మాట్లాడనివాడు, ఆ గ్రూపులో తల్లి పర్సులోంచి డబ్బు తీసిన రాత్రి గురించి చెప్పాడు. మా సీనియర్ ఏమీ అనలేదు. "నేను మా అమ్మ కమ్మలు" అన్నాడు, అంతే, ఆ వాక్యం పూర్తి కూడా చెయ్యలేదు. నాకు అది చేతకాదు. ఎన్ని సెమిస్టర్లు చదివినా చేతకాదు.

మర్నాడే అదే మనిషి ఇంకో పేషెంట్ ఒంటరిగా చెప్పుకున్న విషయాన్ని, అదీ ఆడవాళ్ళకు సంబంధించింది, గ్రూపులో అందరి ముందు ఉదాహరణగా వాడాడు, పేరు చెప్పకుండానే, కానీ ముప్పైమందిలో ఎవరో తెలీకుండా ఉంటుందా? ఆ పేషెంట్ అప్పట్నుంచి అన్నం దగ్గర కూడా ఎవరి మొహం చూడటం లేదు. మా సీనియర్‌కి అందులో తప్పేంటో నిజంగానే తెలీదు. ఏఏలో అందరూ అందరి ముందు చెప్పుకుంటారు కదా మేడమ్ అన్నాడు. ఎవరి కథ వాళ్ళే చెప్పుకుంటారు, నువ్వు చెప్పింది వేరేవాళ్ళది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకివన్నీ ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

అప్పుడే అడిగాను అపాయింట్‌మెంట్ లెటర్ ఉందా అని. లేదు. జీతం "వచ్చే నెల నుంచి". కొత్త బోర్డు మీద మాత్రం పేరు పక్కన సైకాలజిస్ట్ అని రాయిస్తున్నారట, ఆయనకే తెలీకుండా.

ఇరవైఏళ్ళ_కుర్చీ:
ఆ బోర్డు ముందు ఆపించు. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్లో పేరుండాలి, ఎమ్మెస్సీతో నువ్వు కూడా రాసుకోలేవు. దానికి గుర్తింపు ఉన్న చోట ఆర్‌సీఐ ఒప్పుకున్న క్లినికల్ శిక్షణ ఉండాలి, సీట్లు తక్కువ, కానీ నీకు ఈ పని మీద ఇష్టముంటే బ్యాంకు కోచింగ్‌కి పెట్టే డబ్బు ఆ ఎంట్రెన్స్‌కి పెట్టు. కౌన్సెలర్ అనే మాటకు ఇంతకాలం కాపలా లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో కౌన్సెలర్లనూ చేర్చారు గానీ, అది మన వీధి దాకా ఎప్పుడొస్తుందో చూడాలి.

ఇక అతని సంగతి. కేంద్రం సాయంతో నడిచే సెంటర్లలో పీర్ ఎడ్యుకేటర్ అని ఒక పోస్టే ఉంటుంది, మానేసి నిలబడ్డవాళ్ళ కోసం. అది కౌన్సెలర్‌కి కింద మెట్టు కాదు, వేరే పని. నువ్వు తలుపు దగ్గర విన్నావే, ఆ పని. దానికి ఆ పేరు, ఆ జీతం, వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడే మనిషి, ఈ మూడూ ఇమ్మని అడుగు. ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం.

పాత_లారీ:
నేను మొదట రాసిన దాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటా. తాగినోడి బాధ తాగినోడికే తెలుసు, అది తీసుకోను. చదువుకున్నోళ్ళకి ఏం తెలుసు అన్నట్టు రాసినా కదా, అది తీసుకుంటా. పలమనేరు చెల్లెమ్మ రాసింది మా ఇంటామెకు చదివి వినిపించినా. "నన్నెవరూ అడగలేదు నా నగలు ఎక్కడున్నాయని" అనింది. పదకొండేళ్ళలో నేను కూడా అడగలేదు.

పలమనేరు:
ఇప్పుడడగండి అన్నా.

మెట్లదారి:
అప్‌డేట్. ఓనర్‌తో మాట్లాడాం, ఇద్దరం కలిసే వెళ్ళాం. బోర్డు ఆగింది. సాయంత్రం గ్రూపు ఆయనది, ఒంటరి సెషన్లు, ఇంటివాళ్ళతో మాట్లాడటం, కేస్ షీట్లు నావి. లెటర్ సంగతి "చూద్దాంలేమ్మా" అన్నాడు, ఆ చూద్దాం అంటే ఏంటో నాకు తెలుసు, వచ్చే నెల ఒకటో తారీఖు దాకా ఆగి అప్పుడు నేనూ ఏదో ఒకటి తేల్చుకుంటాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

పాత_లారీ అన్నా, మా సీనియర్ మానేశాక ఒక్క మీటింగ్‌కి కూడా పోలేదట. కౌన్సెలర్‌ని కదా, అక్కడ పేషెంట్లు చూస్తే ఏమనుకుంటారు అని మొహమాటం. మీకు ఆదివారం మీటింగ్ ఉంటుందని విన్నాను, ఆయన తిరుపతి నుంచి దానికి రావచ్చా? ఎనిమిదికేనా?

పాత_లారీ:
రమ్మనమ్మా. ఎనిమిదికి కాదు, ఏడున్నరకే రమ్మను. కుర్చీలు వేసేదానికి మనిషి తక్కువగా ఉండారు.